ముప్పదియొకటవ దినము ఎవరి వంతు?



ఆస్తి పంచుకొనిన అన్నదమ్ములు తలిదండ్రులను గూడ వంతులు వేసికొనుట మన పల్లెలలో క్రొత్త సంగతి కాదు. నెలలో మొదటి పదునైదు దినములు పెద్దవానియింట, తక్కిన పదునైదు దినములు చిన్నవానియింట అని పెద్దమనుష్యులు కూర్చుండి తీర్పు చెప్పుదురు. విన్నవారికి న్యాయముగనే తోచును. కాని క్యాలెండరు పెద్దమనుష్యుల మాట వినదు గదా! ఏడాదిలో ఏడు నెలలకు ముప్పదియొకటవ తేది యొకటి కలదు. ఆనాడు ముసలితండ్రి కంచము ఎవరియింట పెట్టవలెనో ఏ పెద్దమనిషియు చెప్పియుండడు.

ఇది నేను వినోదమునకై చెప్పు మాట కాదు. శ్రీ పద్ధతిని వరి నాటి చూపుటకు వెనుక నేనొక ఊరికి పోయినప్పుడు, పది దినముల లేతనారును దూరదూరముగ ఒక్కొక్క మొక్కగ నాటుట చూచి ఊరివారు నవ్విరి. మడి ఇచ్చుటకు ఎవరును ముందునకు రాలేదు. ఒక్క రైతు మాత్రము పది కుంటల మడి చూపి, పోయినను నాదే, వచ్చినను నాదే యనెను. ఆ పంట పండినది. ఆ మరుసటి యేడు నవ్వినవారే వచ్చి ఆయనను విత్తనమడిగిరి. తరువాత ఆయన తనకున్న నాలుగెకరములను ఇద్దరు కుమారులకును వ్రాసియిచ్చి, వంతులలోనికి వచ్చెను. ఒక మార్చి నెల ముప్పదియొకటవ తేదిని, మధ్యాహ్నము రెండు గంటల వేళ, ఎరువుల గోదాము అరుగుమీద ఆయన ఒంటరిగ కూర్చుండియుండగా చూచి, భోజనమైనదా యని అడిగితిని. “ఇయ్యాల నాకు వంతు లేదు సారూ” అని ఆయన చెప్పెను. ఆ మాటలో కోపము లేదు, కన్నీరు లేదు. ఈ దినము కాలువకు నీటివంతు లేదని చెప్పినట్లు చెప్పెను. నాకు ఆ శాంతమే ఎక్కువ బాధ కలిగించినది.

ఆయన సంఘమున ముప్పది యేండ్లు సభ్యుడు. తీసికొనిన అప్పులో ఒక్క వాయిదాయైనను తప్పినవాడు కాడు. సంఘపు గోదాము కట్టిననాడు ఇటుకలు తన బండిమీద ఉచితముగ తోలినవాడు. అట్టివాడు అన్నము లేక ఆ గోదాము అరుగుమీదనే కూర్చుండియుండగా, లోపల మన సంఘము లెక్కలలో ఆయన పేరున బాకీ యేమియు లేదు. బాకీ మనదే. ఆ బాకీని గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కుమారులందరును కఠినులని నేననను. మిరపతోట వేసినవాడు విత్తనము మొదలు కోతకూలి వరకు అప్పులోనే యుండును. కాయ కోయుటకు భద్రాచలపు అడవిప్రాంతమునుండి కూలీలను పిలిపించుకొని, వారికి ముందుగ డబ్బిచ్చి, ఖమ్మము మార్కెట్టులో ధర పడిపోయిననాడు బస్తాలతో తెల్లవార్లు జాగరము చేయువానియింట ముసలివారి మందుల ఖర్చు వెనుకబడుట వింత కాదు. చదువుకొనిన పిల్లలు హైదరాబాదునకో, ఇంకను దూరమునకో పోయినారు. మన ఖానాపురము హవేలియే చూడుడు. ఒకప్పుడు పొలములుగా నున్న నేల నేడు ఖమ్మము నగరపాలనలో చేరి ఇండ్ల స్థలములైనది. కట్టిన ఇండ్లలో గదులు పెరిగినవి. ముసలివారు కూర్చుండు అరుగులు మాత్రము పోయినవి. ఇరుగుపొరుగువారు వచ్చుచు పోవుచు ఒక మాట పలుకరించి, తిన్నావా యని అడుగు స్థలము ఆ అరుగే.

మరియొక వైపున ఆయువు పెరిగినది. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున అరువది యేండ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 40 లక్షలమంది. అందు నూటికి 71 మంది పల్లెలవారే. అనగా వృద్ధుల కష్టము పట్టణముల సంగతి, మనకేల యని రైతు అనుటకు వీలు లేదు. పైగా రైతునకు పింఛనుతో కూడిన విరమణ లేదు. 2018 ఆగస్టులో తెలంగాణములో మొదలైన రైతు బీమా 18 మొదలు 59 యేండ్లలోపు రైతులకే అని నిర్ణయింపబడెను. అరువది నిండిన రైతు చేనిలో పనిచేయుచునే యుండును గాని, బీమా పట్టికలో నుండడు.

సర్కారు ఏమియు చేయలేదని చెప్పుట న్యాయము గాదు. 1995 ఆగస్టు 15న దేశమంతట వృద్ధాప్య పింఛను మొదలైనది. తెలంగాణములో 2014 నవంబరునుండి ఆసరా పేరున నెలకు 1,000 రూపాయలును, 2019నుండి 2,016 రూపాయలును ఇచ్చుచు వచ్చిరి. ఆంధ్రప్రదేశములో 2024 జులైనుండి ఆ పింఛను 4,000 రూపాయలైనది. డెబ్బది నిండిన ప్రతివానికిని, బీదయైనను ధనికుడైనను, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యసహాయము లభించునట్లు 2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఏర్పాటు చేసెను. ఇవి గొప్ప మేలులే. కాని పింఛను డబ్బు చేతికి వచ్చునే గాని, ఆ డబ్బుతో బియ్యము తెచ్చి వండిపెట్టు చేయి దానివెంట రాదు. వైద్యపు కార్డు వచ్చును గాని, మంచము దిగలేనివానిని ఆటో ఎక్కించి ఆసుపత్రికి గొనిపోవు మనుష్యుడు దానివెంట రాడు. ఈ చేయియు, ఈ మనుష్యుడును ఊరిలోనే పుట్టవలెను.

అట్టివారు పుట్టియున్నారు. ఖమ్మములో అన్నం సేవా ఫౌండేషనువారు వీధులలో దిక్కులేక తిరుగువారిని చేరదీయుటయు, అనాథశవములకు అంత్యక్రియలు జరుపుటయు మీలో పలువురెరిగినదే. ఇట్లు పేరు తెలిసినవియే కాక, ఊరూర చిన్నచిన్న సేవాసంఘములు, ఆశ్రమములు, గుడికో చర్చికో మసీదుకో అనుబంధించిన అన్నదాన సమితులు, నలుగురు యువకులు కలిసి నడుపు మండలులు కలవు. వృద్ధుల సేవయనగా ఆశ్రమము కట్టుట యొక్కటే యని తలపరాదు. నడువలేనివారికి మధ్యాహ్నము క్యారియరులో భోజనము పంపుట, మంచమున పడినవారికి వారమునకొకసారి పుండ్లు కడిగి కట్టుకట్టుట, వ్రేలిముద్రలు అరిగిపోయి యంత్రమునకు పట్టక పింఛను నిలిచిపోయినవారిని వెంటబెట్టుకొని కార్యాలయమునకు పోవుట, కంటిశుక్లమునకు శస్త్రచికిత్స చేయించి మరల ఇల్లు చేర్చుట, ఇవన్నియు ఆ సేవలోనివే. వీనిలో ఒక్కటియు ధనికులు మాత్రమే చేయవలసినది లేదు. అన్నిటికిని క్రమము తప్పని కొద్దిపాటి ధాన్యమును, ధనమును, మనుష్యసహాయమును మాత్రము కావలెను.

ఇక్కడనే మన దానములోని లోపమొకటి చెప్పవలసియున్నది. మనము పిసినారులము కాము. పిల్లవాని పుట్టినరోజు వచ్చినను, పెద్దల సంవత్సరీకము వచ్చినను ఆశ్రమమునకు పోయి మిఠాయిలు పంచి, ఒక పూట భోజనము పెట్టించి, ఫోటో తీయించుకొని వత్తుము. పండుగనాడు ఒకే ఆశ్రమమునకు నలుగురు దాతలు వచ్చి నాలుగు విధముల పాయసము పెట్టుదురు. మరునాడు ఎవరును రారు. మధుమేహమున్న ముసలమ్మకు మిఠాయి కీడే చేయును. ఆమెకు కావలసినది మాత్రలు. రాత్రివేళ ముసలివారిని లేపి పడుకొనబెట్టు ఆయాకు జీతము కావలెను. కరెంటు బిల్లు కట్టవలెను. పక్కదుప్పట్లు ఉతుకవలెను. డయపర్లు కొనవలెను. ఈ ఖర్చులకు పేరు రాదు, ఫోటో పడదు. గనుక దాతలు దొరకరు. మంచి సంస్థలు నడువలేక మూతపడునది అన్నము దొరకక కాదు, ఆయా జీతము దొరకకనే.

రైతులకు నేనెప్పుడును చెప్పు మాటయే ఇక్కడను చెప్పుచున్నాను. వరికి వేయవలసిన యూరియానంతయు నాటిననాడే గుమ్మరించినచో పైరు తినగలిగినంత తిని, తక్కినది నీటిలో కొట్టుకొని పోవును. నాటునప్పుడు కొంత, పిలకలు పెట్టునప్పుడు కొంత, చిరుపొట్ట దశలో కొంత వేసినప్పుడే గింజ నిండును. దానమును ఇట్టిదే. ఏడాదికొకనాడు పెట్టు విందుకంటె నెలనెల తప్పక చేరు చిన్న మొత్తము మేలు.

చిన్న మొత్తములతో ఏమగునని సందేహించువారికి నాలుగు దృష్టాంతములు చెప్పెదను.

ఫ్రాన్సు దేశమున 1839లో జాన్ జుగాన్ అను ఒక పేదరాలు కన్నులు కనబడని, పక్షవాతము సోకిన యొక విధవను తన యింటికి తెచ్చుకొని, తన మంచమునే ఆమెకిచ్చెను. ఆ తరువాత మరియొకతె, మరియొకతె చేరిరి. వారిని పోషించుటకు ఆమె బుట్ట చేతబట్టుకొని ఇంటింటికి తిరిగి అడిగితెచ్చుచుండెను. ఆ విధముగ మొదలైన సోదరీసమాజము అనేక దేశములకు వ్యాపించినది. మన సికింద్రాబాదులో గూడ వారు వృద్ధులకు నిలయము నడుపుచున్నారు. దాని మూలధనము ఒక మంచము, ఒక బుట్ట.

కేరళములోని కోజికోడులో 1993లో కొందరు వైద్యులు, మిత్రులు కలిసి నయముకాని వ్యాధులతో బాధపడువారికి ఉపశమన సేవ మొదలిడిరి. తరువాత మలప్పురము జిల్లాలో ఆ పని ఊరివారి చేతికి వచ్చినది. అంగడివారు, కూలివారు, విద్యార్థులు శిక్షణ పొంది, మంచమున పడినవారియిండ్లకు నర్సుతో కూడ పోవుటకు మొదలిడిరి. దుకాణములలో డబ్బాలు పెట్టి రూపాయి రెండు రూపాయలుగ చందాలు పోగుచేసిరి. ప్రజలు చేసి చూపినదానిని చూచి 2008లో అచ్చటి ప్రభుత్వము దానిని తన విధానముగ ప్రకటించినది. ముందు ఊరు నడిచినది, వెనుక సర్కారు నడిచినది.

మిజోరములో ప్రతి గృహిణియు వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి వేరుగ పెట్టు ఆచారము 1910నుండి చర్చిపనులకై సాగుచున్నది. అందువలన ఏ యింటను అన్నము తగ్గలేదు. మన తెలుగునాటను రూపాయి మహిమ తెలియనిది కాదు. 2009లో అభయహస్తము పథకమున పొదుపుసంఘముల స్త్రీలు దినమునకొక రూపాయి చొప్పున కట్టగా, ప్రభుత్వమొక రూపాయి కలిపి, అరువది నిండినవారికి నెలకు 500 రూపాయలకు తక్కువ కాకుండ పింఛను ఇచ్చుటకు ఏర్పాటైనది. ఆ పథకము నేడు ఆ రూపమున లేదు. అయినను కూలికి పోవు స్త్రీ గూడ తన ముసలితనమునకై దినమొక రూపాయి తీయగలదని అది రుజువు చేసినది.

కడపటి దృష్టాంతము మనకు మిక్కిలి దగ్గరిది, ఏలననగా అది రైతుల సహకారసంఘములది. జపాను దేశమున నగానొ ప్రాంతపు వ్యవసాయ సహకారసంఘముల సమాఖ్యకు సాకు అనుచోట ఒక ఆసుపత్రి కలదు. వకత్సుకి తొషికజు అను వైద్యుడు 1945లో అచ్చటికి వచ్చి, రోగులు వచ్చువరకు కాచుకొనక తానే పల్లెలకు పోయెను. నాటకములాడి ఆరోగ్యసూత్రములు బోధించెను. 1959నుండి యచిహొ అను గ్రామమున ఊరందరికిని ఏటేట పరీక్షలు జరిపించెను. ఎరువులు అమ్ము సంఘములే ముసలివారి నాడి చూచుటకును పూనుకొనినవి.

మన సంఘములకు ఇట్టి అధికారము కలదా యని అడుగవచ్చును. సహకారోద్యమము పుట్టిననాటినుండి ఈ భావము దానిలో నున్నది. బ్రిటిషు ఇండియాకు చేసిన 1912 నాటి సహకారసంఘముల చట్టము 34వ సెక్షనులో, నికరలాభములో నాలుగవ వంతు రిజర్వు నిధికి చేర్చిన పిదప, మిగిలినదానిలో నూటికి పదికి మించని మొత్తమును రిజిస్ట్రారు అనుమతితో ధర్మకార్యములకు ఇయ్యవచ్చునని వ్రాసిరి. ధర్మకార్యమనగా బీదల సహాయము, విద్య, వైద్యము, ప్రజోపకారమని 1890 నాటి చట్టము అర్థము చెప్పినది. ఆ తరువాత ఎన్నియో చట్టములు మారినవి. 1995లో మాంచెస్టరులో కూడిన అంతర్జాతీయ సహకారసభ, తానున్న సమాజముయెడ శ్రద్ధ వహించుటను సహకారము యొక్క ఏడవ సూత్రముగ చేర్చినది. ఐక్యరాజ్యసమితి 2025వ సంవత్సరమును అంతర్జాతీయ సహకార సంవత్సరముగ ప్రకటించినది. జెండాలు కట్టి, ప్రతిజ్ఞలు చదివితిమి. ఏడవ సూత్రమునకు మన జమాఖర్చు పుస్తకమున ఒక పద్దు తెరచితిమా?

లెక్క వేసి చూతము. ఒక సంఘమునకు 4,00,000 రూపాయల నికరలాభము వచ్చినదనుకొందము. నాలుగవ వంతు రిజర్వునకు పోగా మిగిలినది 3,00,000. అందు పదియవ వంతు 30,000, అనగా నెలకు 2,500 రూపాయలు. ఒక్క సంఘము ఇచ్చునది కొద్దియే. ఇరుగుపొరుగు సంఘములు ఐదు కలిసినచో నెలకు 12,500. దానితో ఒక ఆయాను నిలుపవచ్చును.

ధాన్యపు లెక్కయు చూడుడు. ఒక ముసలివానికి దినమునకు 400 గ్రాముల బియ్యము చొప్పున ఏడాదికి 146 కిలోలు కావలెను. ఆరువందల సభ్యులున్న సంఘమున ప్రతివాడును పంట ఇల్లు చేరిననాడు 5 కిలోల బియ్యమిచ్చినచో 30 క్వింటాళ్ళగును. ఇరువదిమంది వృద్ధులు ఏడాది పొడుగున తినవచ్చును. పిడికెడు 40 గ్రాములనుకొన్నచో, దినమునకొక పిడికెడు తీయు పది యిండ్లు ఒక ముసలివానిని పోషించును. పది యిండ్లకు ఒక ముసలివాడు! ఏ ఊరిలో ఇది బరువు?

ఇక ఆక్షేపణలకు వత్తును.

తలిదండ్రులను పోషించుట కుమారుల విధి, సంఘము ఆ భారము మోసినచో వారు మరింత సోమరులగుదురని కొందరందురు. కుమారుల విధి అట్లే యుండును. దానిని తప్పించుకొనువారికి 2007లో చేసిన తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము కలదు. ఆర్డీవో ఎదుట అర్జీ పెట్టుకొన్నచో తొంబది దినములలో విచారించి, నెలకు 10,000 రూపాయల వరకు మనోవర్తి విధింపవచ్చునని ఆ చట్టము చెప్పుచున్నది. వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలల ఖైదుగాని, జరిమానాగాని కలదు. అయితే ఎంతమంది తండ్రులు కన్నకొడుకుమీద అర్జీ వ్రాయుదురు? వ్రాసినను తీర్పు వచ్చువరకు ఆకలి ఆగునా? బిడ్డలే లేనివారు, బిడ్డలను పోగొట్టుకొనినవారు, కొడుకును తామువలెనే రోగిష్ఠియైనవారు లేరా? ఇంటికి నిప్పంటుకొన్నప్పుడు నిప్పు పెట్టినవాడే ఆర్పవలెనని ఊరివారు చేతులు కట్టుకొని నిలువరు గదా.

దొంగ సంస్థలు కలవు గదా యని రెండవ ఆక్షేపణ. కలవు. విత్తనములలో నకిలీ యున్నదని మనము విత్తుట మానలేదు, మొలక పరీక్ష చేయుట నేర్చుకొంటిమి. సంస్థలను గూడ అట్లే పరీక్షింపవలెను. అది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము క్రిందనో, ట్రస్టుగనో రిజిస్టరైనదా? ఏటేట లెక్కలు ఆడిటరుచేత చూపించుచున్నదా? ఆ లెక్కలు అడిగినప్పుడు చూపునా, లేక విసుగుకొనునా? చెప్పకుండ పోయినప్పుడు వంటయిల్లు, మరుగుదొడ్డి ఎట్లున్నవి? అచ్చటి వృద్ధులు నిర్వాహకుడు ప్రక్కన లేనప్పుడు ఏమి చెప్పుచున్నారు? వారి పింఛను పుస్తకములు, ఆధార్ కార్డులు ఎవరి చేతిలో నున్నవి? ఈ కడపటి ప్రశ్నకు జవాబు తిన్నగ రానిచోట ఒక్క రూపాయియు ఇయ్యరాదు. నా అనుభవమున, గోడలమీద దాతల ఫోటోలు ఎన్నియున్నవని కాక, పక్కలమీద దుప్పట్లు ఎంత శుభ్రముగ నున్నవని చూచినచో సత్యము తెలియును.

సంఘమే నష్టములో నున్నది, ధర్మమెక్కడినుండి వచ్చునని మూడవ ఆక్షేపణ. లాభము లేని సంఘము లాభములోనుండి ఇయ్యనక్కరలేదు. కాని గోదాములో ఒక మూల ధాన్యపు మూటలు దాచుటకు చోటియ్యవచ్చును. తక్కెడ ఇయ్యవచ్చును. పట్టణమునకు పోవు లారీలో రెండు బస్తాలు ఉచితముగ పంపవచ్చును. ఎరువులకై వచ్చు సభ్యులకు కనబడునట్లు, వృద్ధుల సహాయమునకై 14567 అను నెంబరు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపవచ్చును. ఈ ఉచిత టెలిఫోను సహాయము 2017లో మన హైదరాబాదుననే మొదలై, 2021 అక్టోబరు 1న దేశమంతటికి విస్తరించినది. మన తెలుగుగడ్డ దేశమునకిచ్చిన మేలు మన గోదాము గోడమీదనే లేకుండుట తగునా?

మరియొక మాట. విపత్తులు వచ్చినప్పుడు వృద్ధుల లెక్క ముందుగ నుండవలెను. 2022 జులైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మములోని పల్లపు ఇండ్లు మునిగినవి. నీరు వచ్చినప్పుడు గట్టిగ నున్నవాడు మూట నెత్తిన పెట్టుకొని మిట్ట చేరును. మంచమున నున్నవారు ఏ యింట ఎవరెవరో ముందే వ్రాసియుంచుకొన్న ఊరిలో యువకులు తిన్నగ ఆ గడపలకే పోగలరు. పంట అప్పుల పట్టిక వ్రాయగల సంఘమునకు ఈ పట్టిక వ్రాయుట ఒక పూట పని.

ఇక వయసు మీరుచున్న రైతు సోదరులకు ఒక హితవు. పొలమును బిడ్డలకు వ్రాసియిచ్చుట మీ యిష్టము. కాని వ్రాసినప్పుడు, మమ్ము పోషించి, వైద్యము చేయించవలెనను షరతును ఆ దానపత్రముననే వ్రాయించుడు. 2007 చట్టము 23వ సెక్షను ప్రకారము అట్టి షరతు తప్పినచో ఆ దానము చెల్లదని ప్రకటింపవచ్చును. షరతు ఉన్నట్లు రుజువు లేనిదే ఆ సెక్షను వర్తింపదని 2022 డిసెంబరులో సుప్రీముకోర్టు ఒక తీర్పు చెప్పినది. 2025 జనవరిలో మరియొక వ్యాజ్యమున ఈ చట్టమును వృద్ధులకు మేలగునట్లు ఉదారముగ అన్వయింపవలెనని చెప్పి, ఒక తల్లికి ఆస్తిని మరల ఇప్పించినది. న్యాయస్థానములు దయచూపునను ఆశకంటె దస్తావేజులో ఒక్క వాక్యము మేలు. బిడ్డలమీద నమ్మకము లేక కాదు. గట్టు మంచిదైనను మనము తూము పెట్టుట మానము గదా.

రాబోవు మహాజనసభలో ప్రతి సంఘమును ఈ క్రింది తీర్మానమును ఆలోచింపవలెనని నా విన్నపము. మొదటిది, తమ ఉపనిబంధనలను, చట్టమును చూచుకొని, నికరలాభములో కొంత భాగమును తమ ప్రాంతపు వృద్ధసేవాసంస్థకు ఏటేట ఇచ్చుట. రెండవది, పంట కాలమున ఇష్టమున్న సభ్యులనుండి ధాన్యము పోగుచేసి, రశీదులిచ్చి, లెక్క గోడమీద అంటించుట. మూడవది, ముగ్గురు సభ్యుల ఉపసంఘము, అందొక స్త్రీ తప్పక యుండునట్లు, నెలకొకసారి చెప్పకుండ పోయి ఆ సంస్థను చూచి వచ్చుట. నాల్గవది, అరువది నిండి, పొలము బిడ్డల పేర వ్రాసిన పాత సభ్యుల పేర్లు పుస్తకమునుండి కొట్టివేయక, గౌరవసభ్యుల పట్టికలో నుంచి, మహాజనసభకు పిలిచి ముందు వరుసలో కూర్చుండబెట్టుట. ఈ నాల్గవదానికి ఖర్చు ఒక కప్పు టీ మాత్రమే. కాని అన్నము లేనివానికంటెను, తనను ఎవరును పిలువనివాడు ముందుగ కృశించును.

సహకారమనగా ఒకడు మోయలేని బరువును పదిమంది పంచుకొనుట యని మన పుస్తకములలో చదువుకొంటిమి. అప్పు విషయమున ఆ పాఠము నేర్చితిమి. ఎరువు విషయమున నేర్చితిమి. మన ముసలివారి విషయమున ఇంకను నేర్వవలసియున్నది. ముప్పది దినములు బిడ్డల వంతు, అది వారిచేత చేయింతము. వారు చేయలేనిచోట, చేయువారే లేనిచోట, ముప్పదియొకటవ దినము ఎవరి వంతు అను ప్రశ్నకు జవాబు చెప్పవలసినది మన సంఘమే. ఆ ఒక్క దినము మనదని పుస్తకమున వ్రాసికొందము.

ఖానాపురము హవేలి.
— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు